పొత్తిళ్లలో కలరా ఉండల వాసన

పుట్టబోయే బిడ్డకు ముందుగా కొత్త బట్టలు కొనకూడదని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. అందులో నమ్మకం కొంత, అనుభవం కొంత. నలిగి నలిగి మెత్తబడిన నూలు బట్ట పసిచర్మానికి హాయిగా ఉంటుందని వాళ్లకు తెలుసు. అందుకే కాన్పు దగ్గర పడేసరికి పుట్టింట్లో ట్రంకు పెట్టె తెరుచుకుంటుంది. అమ్మమ్మ నేతచీరలు, తాతయ్య మల్లు పంచెలు చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. పెద్దపిల్లాడి చిన్నప్పటి చొక్కాలు, ఉన్ని టోపీ, ఉయ్యాలలో పరిచే బొంత, అన్నీ బయటికొస్తాయి. ఈ అలవాటులో తప్పు లేదు. తప్పల్లా ఆ బట్టల మడతల్లో ఏళ్ల తరబడి కూర్చున్న తెల్లటి గోళీలది, అంటే కలరా ఉండలది.

కలరా ఉండలతో దాచిన బట్ట నెలల బిడ్డ ఒంటిని తాకకూడదు. ఆ ఉండలున్న పెట్టె గానీ బీరువా గానీ బిడ్డ పడుకునే గదిలో ఉండకూడదు. ఆ ఆవిరి కొందరు పసిబిడ్డల రక్తాన్ని విరగ్గొడుతుంది. దానివల్ల వచ్చే కామెర్లు ముదిరితే మెదడు దెబ్బతింటుంది, ప్రాణం కూడా పోవచ్చు. ఈ మాటకు వైద్య సాహిత్యంలో 75 ఏళ్లకు పైబడిన సాక్ష్యం ఉంది. అయినా ఆ సంగతి మన బాలింత గదుల దాకా రాలేదు.

ఉండలో ఏముంది

సంప్రదాయంగా అమ్మే కలరా ఉండ దాదాపు మొత్తం నాఫ్తలీన్. బొగ్గు నుంచి వచ్చే తారులో దొరికే పదార్థం ఇది. 1820 ప్రాంతంలో రసాయన శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేశారు. దీని గుణం ఏమిటంటే, కరిగి ద్రవం కాకుండానే గది వేడికి నేరుగా ఆవిరైపోతుంది. పెట్టెలో వేసిన ఉండ కొన్నాళ్లకు శనగగింజంతై, ఆ తర్వాత కనిపించకుండా పోయేది అందుకే. అది ఎక్కడికీ పోలేదు. కొంత బట్టల పోగుల్లో చేరింది, మిగిలింది ఇంటి గాలిలో కలిసింది. బీరువా తలుపు తీయగానే వాసన గుప్పుమంటే నాఫ్తలీన్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తున్నట్టే.

ఇళ్లలో ఎంత ఆవిరి ఉండొచ్చో చిన్న లెక్క వేసి చూద్దాం. ఇంటి గాలిలో నాఫ్తలీన్ ఏడాది సగటున ఘనపు మీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో మార్గదర్శకం ఇచ్చింది. 3 గ్రాముల ఒక ఉండ రెండు నెలల్లో అరిగిపోయిందనుకుంటే రోజుకు 50 మిల్లీగ్రాముల ఆవిరి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలో పట్టే గాలి సుమారు 28 ఘనపు మీటర్లు. ఆ గాలి గంటకోసారి పూర్తిగా మారుతుందనుకున్నా రోజుకు 680 ఘనపు మీటర్లు దాటదు. ఆవిరంతా గదిలోకే వస్తే ఘనపు మీటరుకు 0.07 మిల్లీగ్రాములు, అంటే ఆ హద్దుకు ఏడు రెట్లు. ఇది ఒక్క ఉండ లెక్క. బీరువాలో అరకు నాలుగేసి వేసే ఇళ్లున్నాయి. పైగా బాలింతకు చలిగాలి తగలకూడదని కిటికీలు మూసే గదిలో గాలి గంటకోసారి మారదు.

రక్తంలో జరిగేది

ఒంట్లోకి వెళ్లిన నాఫ్తలీన్‌ను కాలేయం విడగొడుతుంది. అప్పుడు పుట్టే నాఫ్తాల్, నాఫ్తోక్వినోన్ అనే పదార్థాలు ఎర్రకణాలను లోపల నుంచి ఆక్సీకరణతో దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను కాచుకోవడానికి ఎర్రకణంలో ఒక రక్షణ ఏర్పాటుంది. అది నడవాలంటే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజనేజ్ అనే ఎంజైము కావాలి. డాక్టర్లు క్లుప్తంగా జీ6పీడీ అంటారు. ఇది పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లలో రక్షణ త్వరగా అయిపోతుంది. కణంలోని హిమోగ్లోబిన్ గడ్డకట్టి, కణం పగిలిపోతుంది.

కణాలు పగిలినప్పుడు బయటపడే హిమోగ్లోబిన్ నుంచి పసుపు రంగు బిలిరుబిన్ తయారవుతుంది. పెద్దవాళ్ల కాలేయం దాన్ని సులువుగా వదిలించుకుంటుంది. పుట్టిన తొలి రోజుల్లో కాలేయానికి ఇంకా ఆ శక్తి ఉండదు. బిలిరుబిన్ రక్తంలో పేరుకుని, హద్దు దాటితే మెదడులోకి దిగుతుంది. కెర్నిక్టరస్ అనే స్థితి అదే. అందులో బతికి బయటపడ్డ బిడ్డకు వినికిడి పోవచ్చు, కాళ్లూ చేతులూ చెప్పినట్టు వినకుండా మెలితిరిగే పక్షవాతం రావచ్చు. అక్కడిదాకా వెళ్తే ఆ నష్టాన్ని వెనక్కి తిప్పే మందు లేదు.

జీ6పీడీ లోపం అరుదైనది కాదు. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఉంది. మలేరియా తరతరాలుగా ఉన్న నేలల్లో ఎక్కువ. ఆ లోపం మలేరియా నుంచి కొంత కాపాడుతుంది కాబట్టి ఆ ప్రాంతాల్లో అది నిలబడిపోయింది. మన దేశంలో సమూహాన్ని బట్టి 0 నుంచి 27 శాతం దాకా ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి. గిరిజన సమూహాల్లో ఎక్కువగా కనిపించే ఒక రకానికి ఒరిస్సా వేరియంట్ అనే పేరే ఉంది. మలేరియాతో తరాలుగా వేగిన మన ఏజెన్సీ ప్రాంతాలకు ఇది దూరపు సంగతి కాదు. ఈ లోపం మగపిల్లలకు తల్లి నుంచి వస్తుంది, వాళ్లలోనే ఎక్కువగా బయటపడుతుంది. ఆడపిల్లలకు రాదని మాత్రం అనుకోకూడదు. తల్లి ఆరోగ్యంగా కనిపిస్తుంది, ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ ఉన్నట్టు తెలియదు. అందుకే 'మా ఇంట్లో అలాంటివేం లేవు' అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

సాక్ష్యం ఎప్పటిది

1949లో అమెరికాలోని డెట్రాయిట్‌లో జుల్జర్, ఆప్ట్ అనే ఇద్దరు వైద్యులు నాఫ్తలీన్ నోట్లో పెట్టుకున్న పిల్లలకు ఒక్కసారిగా రక్తం విరిగిపోయిన కేసులను ప్రచురించారు. 1951లో షేఫర్ అనే వైద్యుడు ఒక నవజాత శిశువు కేసు రాశాడు. ఆ బిడ్డ నోట్లో ఎవరూ ఏమీ పెట్టలేదు. కట్టిన గుడ్డలు మాత్రం నాఫ్తలీన్ ఉండలతో దాచినవి. బిడ్డ ఒంటికి రాసిన నూనె ఆ పదార్థం చర్మంలోకి ఇంకడానికి తోడ్పడి ఉంటుందని ఆయన అనుమానించాడు.

ఆ చివరి వాక్యం దగ్గర తెలుగువాళ్లం కాస్త ఆగాలి. నాఫ్తలీన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో ఇట్టే కరుగుతుంది. మన పసిబిడ్డలకు రోజూ నూనె అంటి, నలుగు పెట్టి, లాలపోసి, సాంబ్రాణి పొగ చూపి, ఆ పొత్తిగుడ్డల్లోనే చుట్టి పడుకోబెడతాం. విషాన్ని చర్మంలోకి చేర్చడానికి ఎవరైనా ఒక పద్ధతి కనిపెట్టాలనుకున్నా ఇంతకంటే బాగా కుదరదు. ఆ పని చేసే చేతుల్లో ఉన్నది ప్రేమే. అందుకే ఈ విషయం ఆ చేతులకు తెలియాలి.

1956లో జీ6పీడీ లోపాన్ని గుర్తించారు. కొందరికే ఎందుకు రక్తం విరుగుతోందన్న ప్రశ్నకు అప్పుడు జవాబు దొరికింది. 1963లో గ్రీసు నుంచి వలేస్, డాక్సియాడిస్, ఫెసాస్ ఒక పత్రం ప్రచురించారు. నాఫ్తలీన్ వల్ల రక్తం విరిగిన 21 మంది నవజాత శిశువుల వివరాలు అందులో ఉన్నాయి. ఆ పత్రం నుంచి మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, ఆ పిల్లల్లో 19 మందికి అది గాలి ద్వారానే చేరింది. నాఫ్తలీన్ పట్టిన దుప్పట్లో, బట్టలో దగ్గర్లో ఉన్నాయి, అంతే. రెండోది, 21 మందిలో 10 మందికే జీ6పీడీ లోపం ఉంది. అంటే ఎంజైము సరిగా ఉన్న పసిబిడ్డ కూడా పూర్తిగా క్షేమం కాదు. పుట్టిన కొత్తలో ఒంట్లోని రక్షణలన్నీ లేతవే. మూడోది, ఇద్దరు పిల్లలు చనిపోయారు.

గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి నాఫ్తలీన్ నమిలిన సందర్భాల్లో కడుపులోని బిడ్డకూ రక్తం విరిగినట్టు 1950ల చివర్లోనే నమోదైంది. మట్టి, బలపాలు, బియ్యం తినాలనిపించే గర్భిణుల్లో కొందరికి ఈ ఉండల వాసన మీదకు మనసు పోతుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. ఇంట్లో ఆడవాళ్లు మెల్లగా అడగాలి. రక్తహీనత ఉందేమో డాక్టరు చేత చూపించాలి.

మనకు ఎందుకు కనిపించలేదు

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో నూటికి సుమారు 60 మందికి తొలి వారంలో కామెర్లు కనిపిస్తాయి. చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ గుంపులో నాఫ్తలీన్ వల్ల వచ్చినవి కలిసిపోతాయి. ఇంట్లో 'పుట్టు కామెర్లే, నీరెండలో చూపిస్తే పోతాయి' అంటారు. లేదా బాలింత తిన్న తిండి మీద నెపం వేస్తారు. ఆసుపత్రిలో నీలికాంతి కింద ఉంచుతారు, తగ్గగానే పంపేస్తారు. తల్లీబిడ్డల రక్తం గ్రూపులు చూస్తారు, ఇన్ఫెక్షన్ ఉందా అని చూస్తారు. 'బిడ్డకు కప్పిన బట్టలు ఎక్కడ దాచినవి?' అని అడిగేవాళ్లు తక్కువ. అడగని ప్రశ్నకు కేసు షీటులో జవాబు ఉండదు. బిడ్డ అదే దుప్పట్లో ఇంటికి తిరిగి వెళ్తాడు.

'మేమందరం ఈ వాసనలోనే పెరిగాం, మాకేమైంది?' అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఏమిటంటే, ఎంజైము సరిగా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు. అయినవాళ్లలో కొందరు ఆ మాట అడగడానికి మిగల్లేదు. కొందరు చెవుడుతోనో, నడక రాకనో పెరిగారు. దానికి ఇంట్లో ఇంకో కారణం చెప్పుకున్నారు. కారణం తెలియకపోవడం ప్రమాదం లేకపోవడం కాదు.

మిగతా లోకం ఏం చేసింది

సింగపూర్‌లో 1965 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ బొడ్డుతాడు రక్తంతో జీ6పీడీ పరీక్ష చేస్తున్నారు. లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు దూరంగా ఉంచాల్సిన మందుల చిట్టాతోపాటు నాఫ్తలీన్ ఉండల గురించి కూడా చెప్పి పంపుతారు. ఒకప్పుడు అక్కడ పసిపిల్లల్ని బలిగొన్న కెర్నిక్టరస్‌ను అదుపులోకి తెచ్చిన చర్యల్లో ఇది ముఖ్యమైనది. మగవాళ్లలో ఈ లోపం 3 నుంచి 5 శాతం దాటిన చోట్ల పుట్టిన పిల్లలందరికీ పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 1989లోనే సూచించింది. మన దేశంలో కేరళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు చేసే పరీక్షల్లో జీ6పీడీ ఉంది.

నాఫ్తలీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో, 2బీ వర్గంలో, 2002 నుంచి ఉంది. యూరోపియన్ యూనియన్ 2008లో నాఫ్తలీన్ ఉండల అమ్మకాన్ని ఆపేసింది. అక్కడ ఆపేసిన సరుకు ఇక్కడ కిరాణా కొట్లో సబ్బుల పక్కన, చిన్న ప్యాకెట్లలో, పసిపిల్లల గురించి ఒక్క ముక్క హెచ్చరిక కళ్లకు కనిపించకుండా దొరుకుతుంది.

అసలు ఈ ఉండలు దేనికి?

ఇంత ప్రమాదాన్ని ఇంట్లో పెట్టుకుని మనం కాపాడుకుంటున్నది ఏమిటో కూడా చూడాలి. బట్టలు కొట్టే చిమ్మట రెక్కల పురుగుగా మారాక ఏమీ తినదు. తినేది దాని పిల్ల పురుగు. అది కూడా ఉన్ని, పట్టు, ఈకలు, బొచ్చు లాంటి జంతు సంబంధమైన పోగులనే తింటుంది. శుభ్రమైన నూలు దానికి ఆహారం కాదు. మన బీరువాల్లో ఎక్కువ భాగం నూలు, పాలిస్టర్ బట్టలే. అంటే చాలా ఇళ్లలో కలరా ఉండలు రాని శత్రువుకు కాపలా కాస్తున్నాయి.

నూలు బట్టల్ని కొరికేవి బొద్దింకలు, సిల్వర్‌ఫిష్ పురుగులు. వాటిని రప్పించేది గంజి, తిండి మరకలు, చెమట, తేమ. ఇక నాఫ్తలీన్ పురుగును చంపాలంటే గాలి చొరబడని పెట్టెలో ఆవిరి చిక్కగా నిలవాలి. సందులున్న బీరువాలో, తెరిచిన అలమరలో ఆ చిక్కదనం రాదు. పురుగు చావదు, వాసన మాత్రం ఇంటిల్లిపాదికీ పడుతుంది.

ఇవి లేకుండానే బట్టలు దాచే పద్ధతులు మన ఇళ్లకు కొత్తవి కావు. దాచబోయే బట్టను ఉతికి, బాగా ఆరబెట్టి మడవాలి. ఒక్కసారే కట్టి తీసిన చీరైనా సరే, చెమట ఉంటే చాలు పురుగుకు. చాలాకాలం దాచే నూలు చీరకు గంజి పెట్టకూడదు. మళ్లీ కట్టే ముందు పెట్టుకోవచ్చు. పట్టుచీరను పాత నూలు గుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి తీసి నీడపట్టున గాలికి ఆరేసి, మడతలు మార్చి పెట్టాలి. జరీ మడత దగ్గర తెగకుండా ఉండటానికీ ఇదే మందు. ఉన్ని బట్టలు మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టుకోవాలి. పురుగు పట్టిందనిపిస్తే ప్లాస్టిక్ సంచిలో కట్టి, డీప్ ఫ్రీజర్ చలిలో కొన్ని రోజులు ఉంచితే పిల్ల పురుగులు చస్తాయి. బీరువా మూలలు తరచూ తుడవాలి, వానాకాలంలో తేమ చేరకుండా చూడాలి. ఎండబెట్టిన వేపాకు, వట్టివేళ్లు వాడుకోవచ్చు. అయితే అసలు పని చేసేవి శుభ్రత, పొడి, గాలి, ఈ మూడే.

హారతి కర్పూరం బిళ్లలు వేసుకుంటే పోలేదా అని కొందరంటారు. అదీ పసిపిల్లల ఇంటికి తగినది కాదు. కర్పూరం మింగిన పిల్లలకు నిమిషాల్లోనే మూర్ఛ రావచ్చు. చిన్నపిల్లల్లో ఒక గ్రాము కూడా ప్రాణాల మీదకు తేవచ్చు. న్యూయార్క్‌లో ఇళ్లలో వాడిన కర్పూరం వల్ల ముగ్గురు పిల్లలకు మూర్ఛలు వచ్చిన సంగతిని 2009లో వైద్యులు ప్రచురించారు. దేవుడి గదిలో కర్పూరం డబ్బా పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. దాన్ని గుడ్డలో మూటకట్టి ఉయ్యాలకు వేలాడదీయకూడదు.

ఇంట్లో ఉన్న ఉండ ఏమిటో తెలియకపోతే గ్లాసు నీళ్లలో వేసి చూడండి. తేలితే కర్పూరం. మునిగితే దాన్ని ఉప్పు ఇంకా కరగనంత చిక్కటి ఉప్పునీటిలో వేయండి. అందులో తేలితే నాఫ్తలీన్. అక్కడా మునిగితే పారాడైక్లోరోబెంజీన్. అది నాఫ్తలీన్ బదులు వాడే మరో రసాయనం, అదీ 2బీ వర్గంలోనే ఉంది. ఏది తేలినా ఏది మునిగినా చివరికి చేయాల్సింది ఒకటే, బిడ్డ ఉన్న ఇంట్లోంచి తీసేయడం.

కాన్పుకు ముందు చేయాల్సిన పని

ఎనిమిదో నెల రాగానే బాలింత ఉండబోయే గదిని చూడండి. ఆ గదిలో బీరువా ఉంటే ఉండలన్నీ ఏరి, మూత ఉన్న డబ్బాలో వేసి ఇంట్లోంచి పంపేయండి. పొయ్యిలో వేయకూడదు, కాల్చకూడదు. అరలు సబ్బునీళ్లతో తుడిచి, కొన్ని రోజులు తలుపులు తీసి గాలి ఆడనివ్వండి. వాసన పోకపోతే బీరువానే వేరే గదికి మార్చండి.

పొత్తిగుడ్డలకు ఉండల పెట్టెలోని బట్టలు వాడకపోవడం మేలు. రోజూ కడుతున్న పాత నూలు చీరలు, పంచెలు అంతకంటే మెత్తగా ఉంటాయి. పాత పెట్టెలోవే వాడక తప్పకపోతే ఒక రోజు ఎండలో వేసి దులిపితే సరిపోదు. నాఫ్తలీన్ నీళ్లలో కరగదు కాబట్టి ఉత్తి నీళ్లలో జాడించినా పోదు. వేడి నీళ్లు, సబ్బుతో ఉతికి, ఆరుబయట గాలిలో రోజుల తరబడి ఆరనివ్వాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ కొంచెం వాసన తగిలినా మళ్లీ ఉతకాలి. బొంతలు, దిండ్లు, ఉన్ని బట్టల్లోంచి ఆ వాసన ఒక పట్టాన పోదు. వాటిని బిడ్డకు వాడొద్దు.

బారసాల రోజు ఇంకో జాగ్రత్త. ఆ ఉదయమే బీరువాలోంచి తీసిన పట్టుచీరలు కట్టుకుని చుట్టాలందరూ వస్తారు. ఏసీ హాల్లో తలుపులు మూసి ఉంటాయి. బిడ్డ ఒకరి ఒడిలోంచి ఇంకొకరి ఒడిలోకి వెళ్తూ ఉంటాడు. మీరే చుట్టమైతే చీరను నాలుగు రోజుల ముందు తీసి గాలికి ఆరేయండి. వాసన పోకపోతే ఆ రోజుకు వేరే చీర కట్టుకోండి, లేదా బిడ్డను దూరం నుంచే దీవించండి. మీ పిల్లల పాత బట్టలు ప్రేమతో ఇస్తుంటే ఉతికి ఇవ్వండి, ఎలా దాచారో కూడా చెప్పండి. ఇదీ మర్యాదలో భాగమే.

ఇంటివాళ్లకు ఈ మాట చెప్పడం ఇబ్బందే. ముఖ్యంగా కొత్త కోడలికి. 'అత్తయ్యా, బట్టలు చాలా బాగున్నాయి. పసిపిల్లలకు ఆ ఉండల వాసన పడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు, ఒకసారి ఉతికి వాడుకుంటాం' అంటే ఎవరూ నొచ్చుకోరు. అంతకంటే మంచిది, ఆ మాట కోడలి చేత అనిపించకుండా భర్తో, ఆమె తల్లో ముందే చెప్పడం. విదేశాల్లో కూతురి కాన్పుకు వెళ్లే అమ్మలు, అత్తలు సూట్‌కేసుల్లో పొత్తిగుడ్డలు సర్దుకునేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. చలిదేశంలో ఇల్లంతా మూసే ఉంటుంది.

ఎప్పుడు పరిగెత్తాలి

పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, ఆ పసుపు అరచేతుల్లోకి, పాదాల్లోకి దిగినా, బిడ్డ పాలిపోయినా, పాలు సరిగా తాగకపోయినా, మత్తుగా పడుకునే ఉన్నా, సన్నగా కీచుమని ఏడ్చినా, ఒళ్లు విల్లులా వంచినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా ఒక్క పూట కూడా ఆగొద్దు. నీరెండ వైద్యంతో సరిపెట్టొద్దు. ఇంట్లో ఉండల వాసన ఉంటే ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, బిడ్డకు ఇంటి బట్టలు మార్చి తీసుకెళ్లండి. సమయానికి వెళ్తే నీలికాంతి చికిత్స, అవసరమైతే రక్తమార్పిడి బిడ్డను కాపాడతాయి. రక్తం విరిగిన కొత్తలో జీ6పీడీ పరీక్ష మామూలుగా ఉన్నట్టు తప్పుగా చూపొచ్చు. లోపం ఉన్న ముసలి కణాలు అప్పటికే పగిలిపోయి, ఎంజైము ఎక్కువగా ఉండే లేత కణాలు మిగలడమే కారణం. అందుకే రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలి.

పాకే పిల్లలకు ఈ ఉండలు చక్కెర బిళ్లల్లా కనిపిస్తాయి. వాష్‌బేసిన్లో, బాత్‌రూం జాలీ మీద వేసినవి చేతికి అందుతాయి. మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. పాలు, నూనె, నెయ్యి పట్టకండి, కొవ్వు తోడైతే అది ఒంట్లోకి ఇంకా తేలిగ్గా చేరుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ రోజు పిల్లాడు ఆడుకుంటూ కనిపించినా నిశ్చింతగా ఉండకూడదు. రక్తం విరగడం ఒకటి నుంచి ఐదు రోజుల తర్వాత బయటపడొచ్చు. ఎంజైము లోపం ఉన్న పిల్లాడికి ఒక్క ఉండ చాలు.

ఇది ఇళ్లలోనే తేలే విషయం కాదు. ప్రతి ప్రసూతి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం మీద 'కలరా ఉండలు వాడిన బట్టలు బిడ్డకు వద్దు' అనే ఒక్క వాక్యం తెలుగులో అచ్చు వేయాలి. కామెర్ల బిడ్డ కేసు షీటులో ఆ ప్రశ్నకు ఒక గడి ఉండాలి. గర్భిణుల ఇళ్లకు వెళ్లే ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు చెప్పే మాటల్లో ఇది చేరాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుట్టే ప్రతి బిడ్డకూ జీ6పీడీ పరీక్ష చేయాలి, ఏజెన్సీ ప్రాంతాల నుంచి మొదలుపెట్టాలి. ప్యాకెట్ల మీద పసిపిల్లల గురించిన హెచ్చరిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ప్రభుత్వం కదిలే దాకా ఆగాల్సిన అవసరం కూడా మనకు లేదు. పసిబిడ్డల జబ్బుల్లో ముందే ఆపగలిగినవి కొన్నే, ఇంత సులువుగా ఆపగలిగినవి ఇంకా తక్కువ. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ, చుట్టాల్లో గానీ ఎవరైనా కాన్పుకు దగ్గర్లో ఉంటే ఈ వారమే ఫోన్ చేసి పెట్టెలో ఏముందో అడగండి. ఉండలుంటే తీయించండి.